తామీలంటే అరవం కాదు

కమిటీ ఆఫీసుల్లో కొత్తగా చేరిన మన తెలుగు కుర్రాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి, "బాబాయ్, అక్కడ పనెలా ఉంటుందో కాస్త చెప్పండి" అంటున్నారు. ప్రతివాడికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు కాబట్టి ఒకేసారి రాసి పెడుతున్నాను. నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో, ఏ దొర ఏ సర్టిఫికెట్టు ఇచ్చాడో ఇందులో ఉండదు. అలాంటివి చదివి ఎవరూ బాగుపడలేదు, రాసినవాళ్ళతో సహా.

రాయపూరులో ఆ రోజుల్లో కమిటీలకూ బోర్డులకూ కొదవ లేదు. వాటిలో నాది ఏదో చెప్పను. చెప్పకపోయినా పర్వాలేదు, ఎందులో పనిచేసినవాడైనా ఇది చదివి "ఇది మా ఆఫీసే" అంటాడు.

ఎవరెక్కడ కూర్చుంటారు

కాగితం మీద మా ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది. జనం మెంబర్లను ఎన్నుకుంటారు. మెంబర్లు ప్రెసిడెంటును ఎన్నుకుంటారు. కమిటీ తీర్మానం చేస్తుంది, సెక్రటరీ అమలు జరుపుతాడు. ఆయన కింద పారిశుద్ధ్యం, నీళ్ళు, పన్నులు, కట్టడాలు అని శాఖలు, ఒక్కోదానికి ఒక ఇన్‌స్పెక్టరు. మా పైన డిప్యూటీ కమిషనరు, ఆయన పైన కమిషనరు, ఆ పైన నాగపూరు. నాగపూరు పైన దేవుడు ఉండేవాడేమో గానీ మా ఫైళ్ళు అంతదాకా వెళ్ళలేదు.

అసలు ఆఫీసు నడిపేది ఇద్దరే. ఒకడు హెడ్ క్లర్కు. ఇక్కడివాళ్ళు ఆయన్ని బడేబాబు అంటారు. రెండోవాడు నోటీసులు పట్టుకెళ్ళే చప్రాసీ. బడేబాబు పైకి పంపకపోతే ఏ కాగితమూ ఏ దొర కంటా పడదు. చప్రాసీ కిందికి పట్టుకెళ్ళకపోతే ఏ కాగితమూ ఏ మనిషి కంటా పడదు. మధ్యలో ఉన్న మేమంతా సంతకాలు చెయ్యడానికే పుట్టాం.

ఇక మెంబర్లు. వార్డు మెంబరంటే ఎవడని మా చప్రాసీల్ని అడిగితే "గుమ్మం ముందు కుళాయి ఉన్నవాడు" అనేవారు. అంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ చట్టంలోనూ కనబడలేదు. ఇంగ్లీషు దొరలున్నప్పుడూ అదే. స్వరాజ్యం వచ్చాక మెంబర్లు ఖద్దరు కట్టారు, కుళాయి మాత్రం జరగలేదు.

శాఖలు ఎలా కలిసి పనిచేస్తాయో తెలియాలంటే తెలీబంధా గేదె సంగతి వినాలి. అప్పట్లో తెలీబంధా ఊరి చివర. అక్కడి చెరువులో ఒక గేదె చచ్చి తేలింది. నీళ్ళు ఒక శాఖవి, గట్టు మాది. మా ఇన్‌స్పెక్టరు ఇద్దరు మనుషులకి పొడుగాటి వెదుళ్ళిచ్చి, గేదె గట్టుకి తగలకుండా లోపలికి నెట్టమన్నాడు. మర్నాడు అవతలి శాఖవాళ్ళు పడవేసుకొచ్చి దాన్ని గట్టువైపు నెట్టారు. నాలుగు రోజుల్లో ఆ గేదెకి అయినన్ని బదిలీలు నా సర్వీసంతా కలిపి నాక్కాలేదు. చివరికి కంపు భరించలేక చాకళ్ళే తాళ్ళేసి లాగి పూడ్చారు. మా ఇన్‌స్పెక్టరు రిపోర్టులో "శాఖ కృషివల్ల తొలగింపబడినది" అని రాశాడు. ఆ రిపోర్టు చక్కటి దస్తూరీతో నకలు రాసింది నేనే.

నా మొదటి రోజు

మా నాన్న రైల్వేలో పాయింట్స్‌మన్. మాది శ్రీకాకుళం వైపు. నేను పుట్టింది పెరిగింది ఇక్కడి రైల్వే క్వార్టర్సులోనే కాబట్టి హిందీ నాకు వచ్చనుకునేవాణ్ణి. బడి హిందీ వేరు, ఆఫీసు హిందీ వేరు. ఆఫీసు హిందీలో సగం మాటలు నవాబులు వదిలేసి పోయినవి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ మనం కనబడగానే "మదరాసీ" అంటారు. కొంచెం లోకం తెలిసినవాడైతే "తామిల్ హో, కి తెలుగూ?" అని, అరవమా తెలుగా అని అడుగుతాడు. రైల్వేలో అరవ గార్డులూ ఉన్నారు, మన కలాసీలూ ఉన్నారు, వాళ్ళకి అందరం ఒకేలా కనిపిస్తాం. పాలవాడూ అడుగుతాడు, మంగలీ అడుగుతాడు, బండిలో పక్కన కూర్చున్నవాడూ అడుగుతాడు. జవాబు చెప్పీ చెప్పీ మనకి అలవాటైపోయింది. "తామిల్ నహీ, తెలుగూ." నిద్రలో లేపి అడిగినా అదే వస్తుంది.

చేరిన రోజున బడేబాబు నా ముందు నోటీసుల కట్ట పడేసి, కళ్ళద్దాల పైనుంచి చూసి, "తామీల్?" అని అడిగాడు.

నేను చేతులు కట్టుకుని, "నహీ సాబ్, తెలుగూ" అన్నాను.

ఆఫీసు ఆఫీసంతా ఘొల్లున నవ్వింది. తామీలంటే నోటీసు మనిషికి ముట్టడం. నోటీసు రెండు ప్రతులు రాస్తారు. ఒకటి మనిషికిస్తారు, రెండోదాని మీద సంతకమో వేలిముద్రో వేయించుకుని, వెనకాల "తామీలు" అని రాసి ఫైల్లో కుడతారు. ఆయన అడిగింది ఆ కట్టలో ఎన్ని ముట్టాయో చూడమని. ఆవేళ్టి నుంచి నా పేరు "తామీల్ బాబూ" అయింది. ప్రెసిడెంట్లు మారారు, ఆఫీసు పెంకులు మారాయి, ఆ పేరు మాత్రం మారలేదు. చాయ్ తెచ్చేవాడు కూడా అదే పిలుపు. నేనూ నవ్వుతూ పలికేవాణ్ణి, లోపల మండిపోయేది. ఆ మంట సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

బడేబాబు చెడ్డవాడా అంటే చెప్పలేను. ఫైలు కుట్టడం, దారం ముడెయ్యడం, నలుగురు దొరలు నాలుగు రకాలుగా చెప్పినదాన్ని ఒక్క వాక్యంలో ఇరికించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయనకి ఒకటే వేదం, "జో లిఖా హై, వహీ హువా హై." రాసి ఉన్నదే జరిగింది. జరిగింది రాయాలని మనం బడిలో చదువుకుంటాం. ఆఫీసులో అది తలకిందులు.

పైడమ్మ పాక

స్టేషను వెనకాల కాలవ పక్కన పైడమ్మకి ఒక పాక ఉండేది. మా నాన్న ఉన్న గ్యాంగులోనే ఆమె పెనిమిటి పనిచేసి, పట్టాల మీద పోయాడు. ఆమె ఆ పాకలో చోడి అంబలి, అదే రాగి అంబలి, కాచి కలాసీలకి పోసేది. పక్కన ఉల్లిపాయ, ఎండుమిరపకాయ. అదే ఆమె ఇల్లు, అదే ఆమె కొట్టు. నేను ఆఫీసుకి పోతూ రోజూ అక్కడ ఒక ముంత తాగి వెళ్ళేవాణ్ణి. మా వైపు అక్కని పిలిచినట్టు ఆవిణ్ణి అప్పా అని పిలిచేవాణ్ణి.

కమిటీ ఆ పక్కన కొత్త కాలవ తవ్వాలని తీర్మానించింది. పాకకి ఇవతల ఒక మెంబరు బావమరిది టాంగాల షెడ్డు ఉంది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మా ఓవర్సీరు గీసిన కాలవకి ఈ రెండూ తెలీవు. దానికి తెలిసింది మెంబరు బావమరిది ఒక్కడే. తిన్నగా రావలసిన కాలవ షెడ్డు దగ్గర వంకర తిరిగి, పైడమ్మ పాక మధ్యలోంచి పోయింది.

ఒకరోజు ఆమె ఆఫీసు మెట్ల దగ్గరికి ఆయాసపడుతూ వచ్చింది.

"బాబూ, ఎవుల్లో ఒచ్చి పాక సుట్టూ సున్నం గీతలు గీసీసినారు. ఏటని అడిగితే పాక తీసియ్యాలంట. ఏ కాయితమూ నేదు, కబురూ నేదు. నానెక్కడికెల్లాలి?"

"నోటీసు రాలేదా అప్పా?"

"నోటీసంటే?"

నేను కంగారు పడొద్దన్నాను. చట్టం ఆమె వైపే ఉంది. నోటీసు ముట్టిన పదిహేను రోజుల్లోగా ఆమె అభ్యంతరం చెప్పుకోవచ్చు. ముట్టకపోతే కూలగొట్టడానికి వీల్లేదు, మళ్ళీ నోటీసివ్వాలి. ఈలోగా వానలు పడతాయి. వానల్లో మా వాళ్ళు గొడుగు తప్ప ఏమీ ఎత్తరు. ఆ ఏటికి పాక నిలిచినట్టే. మరుసటేటికి మెంబరు బావమరిది బుద్ధో, ఓవర్సీరు గీతో మారకపోతుందా అనుకున్నాను. అర్జీ నేనే రాసి, బడేబాబుని బతిమాలి, కట్టడాల సబ్‌కమిటీ ముందు విచారణకి పెట్టించాను. ఆమెకి హిందీ సరిగా రాదు కాబట్టి ఆమె మాట నేనే హిందీలో చెప్పాలన్నారు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

"ఒకే ఒక్క మాట అడుగుతారప్పా. నోటీసు అందిందా అని. లేదని చెప్పు, అంతే" అని నేర్పాను.

వాళ్ళు "తామీలు" అనే మాట వాడతారని చెప్పడం మరిచిపోయాను. లోకంలో నేను మరిచిపోకూడని మాట ఏదైనా ఉంటే అదొక్కటే.

విచారణ

బల్లకి అవతల ముగ్గురు మెంబర్లు, సెక్రటరీ. పక్కన బడేబాబు. ఇవతల పైడమ్మ, ఆమె వెనక నేను. ఫైలు నా చేతిలోనే ఉంది. తిప్పి చూడలేదు.

సబ్‌కమిటీ ఛైర్మను ఆమెని చూసి గట్టిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు, "నోటీస్ తామీల్ హుయీ?" అని అడిగాడు.

పైడమ్మ మొహం విప్పారింది. తెలిసిన ప్రశ్నే. జన్మంతా జవాబు చెప్పిన ప్రశ్నే.

"నహీ బాబూ, నహీ! తామిల్ నహీ. తెలుగూ. మాది సికాకోలు."

ఛైర్మను నా వైపు తిరిగి, ఏమంటోందన్నాడు. నేను హిందీలో చెప్పాను: "తాను తమిళురాలు కాదు, తెలుగు అంటోంది సాబ్."

గదంతా నవ్వు. ఛైర్మను కళ్ళు తుడుచుకున్నాడు. సెక్రటరీకి దగ్గొచ్చింది. "తామీల్ బాబూ, నీకు అక్కయ్య దొరికిందయ్యా!" అన్నాడు బడేబాబు. పైడమ్మ కూడా నవ్వింది, దొరలు నవ్వితే పని అయినట్టే అనుకుని. నేనూ నవ్వాను.

"అయితే నోటీసు సంగతి?" అని అడిగాడు ఛైర్మను, నవ్వు తగ్గాక.

"తామీలు రాసుంది సాబ్. వేలిముద్ర కూడా ఉంది" అన్నాడు బడేబాబు.

"అర్జీ గడువు దాటింది. కొట్టెయ్యండి. తర్వాతది?"

అంతే. ఆమె చెప్పిన జవాబులో మొదటి మాట "నహీ". అడిగిన దానికి అదే సరైన జవాబు. నేను దాన్ని వదిలేసి, నవ్వొచ్చే ముక్క మాత్రం అనువదించాను. ఒక్క అడుగు ముందుకేసి, "సాబ్, ఆమెకి మాట అర్థం కాలేదు, మళ్ళీ అడగండి" అంటే సరిపోయేది. అనలేదు. ఎందుకు అనలేదో ఇన్నాళ్ళు నాకు నేనే రకరకాలుగా చెప్పుకున్నాను, దొరల ముందు గుమస్తా నోరెత్తకూడదనీ, ఇంకా ఏవేవో. అవన్నీ అబద్ధం. ఇన్నేళ్ళకి ఆఫీసులో నవ్వడానికి నేను కాక ఇంకొకరు దొరికారు. ఆ కాసేపూ నేను నవ్వేవాళ్ళ వైపున్నాను. నాకది తియ్యగా ఉంది.

బయటికొచ్చాక ఆమె, "అయిపోనాదా బాబూ? పాక ఉంటదా?" అంది. చూద్దాంలే అప్పా అన్నాను. వారంలోగా మనుషులొచ్చారు. కుండలు ఆమే ఒక్కొక్కటీ బయట పెట్టుకుందట. నేను ఆ రోజు నుంచి ఆఫీసుకి వేరే దారిలో వెళ్ళాను.

గీత ఉన్న వేలు

కాలవ తవ్వారు. నీళ్ళు వంకర దగ్గర నిలిచిపోయి దోమలు పెరిగాయి. దోమల మీద ఇంకో ఫైలు తెరిచారు.

పాత ఫైలు రికార్డు గదికి పంపుతూ, కుట్టడానికి తిరగేశాను. అప్పుడు చూశాను. నోటీసు ప్రతులు రెండూ అందులోనే ఉన్నాయి. ఒకటి ఆమె దగ్గర ఉండాలి కదా! రెండోదాని మీద వేలిముద్ర ఉంది, దాని మధ్యలో అడ్డంగా తెల్లటి గీత. ఆ గీత నాకు బాగా తెలుసు. మా చప్రాసీ సుఖ్‌రాముకి ఎడమ బొటనవేలు ఎప్పుడో కొడవలికి తెగి అతుక్కుంది. పాత నోటీసులు తిరగేస్తే బస్తీలో చదువురాని సగంమందికి అదే వేలు.

అడిగితే సుఖ్‌రాము దాచలేదు. "కా కరబో బాబూ? ఏక్ దిన్ మా పచాస్ నోటీస్. పాఁవ్ తో దూఠన్ హే" అన్నాడు. రోజుకి యాభై నోటీసులు, ఉన్నవి రెండే కాళ్ళు, ఏం చెయ్యను అని. వాడి మీద నాకు కోపం రాలేదు. వాడు కాళ్ళు లేక చేశాడు. నేను నోరుండి చేశాను.

ఫైలు పట్టుకెళ్ళి బడేబాబుకి చూపించాను.

"వేలిముద్ర ఉందా, లేదా?" అన్నాడు.

"ఉంది. సుఖ్‌రాముది."

"ఎవరి వేలో రాయడానికి ఫారంలో గడి ఉందా?"

లేదు. నిజంగానే లేదు.

ఆయన వద్దన్నా నేను నోటు రాశాను. నోటీసు ముట్టలేదు, కాబట్టి కూలగొట్టడం చెల్లదు, ఆ మనిషికి స్థలం చూపించాలి అని. నా సర్వీసులో నేను సొంతంగా రాసిన నోటు అదే. సెక్రటరీ దాని మీద "చూశాను" అని రాశాడు. ప్రెసిడెంటు "చర్చించాలి" అని రాశాడు. కొత్త ప్రెసిడెంటు వచ్చి "పాత చర్చ ఏమిటి?" అని రాశాడు. అక్కడి నుంచి పైకి, ఇంకా పైకి. ఒకచోట అనువాదం అడిగారు, ఒకచోట కాలవ పటం అడిగారు, ఒకచోట టాంగా షెడ్డుకి లైసెన్సుందా అని అడిగి, ఉందని తెలిశాక తృప్తిపడ్డారు. రెండు వానాకాలాలు గడిచాయి.

మూడో వానాకాలం ముందు జవాబొచ్చింది. నేను రాసింది అక్షరాలా నిజమని పైవాళ్ళు ఒప్పుకున్నారు. నోటీసు సక్రమంగా తామీలు కాలేదు. ఇది తీవ్రమైన లోపం. కాబట్టి, పదిహేను రోజుల్లోగా పాక తొలగించవలసిందని ఆ స్త్రీకి వెంటనే సక్రమంగా నోటీసు తామీలు చేసి, రుజువు పంపవలసింది.

నేను ఆ కాగితం మూడుసార్లు చదివాను. బడేబాబు ఒకసారి చదివి, "చూశావా, నీ మాటే నెగ్గింది" అన్నాడు. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. భాష తెలిసినవాణ్ణి నేనే గనుక నన్నే పట్టుకెళ్ళమన్నారు.

తామీలు

పైడమ్మ గూడ్సు షెడ్డు గోడ పక్కన ఎండలో దొరికింది. రెండు కుండలు, ఒక గంప. నెత్తిన గోనె పట్టా. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. ముంత కడిగి అంబలి పోసింది. తాగాను.

"కాగితం తెచ్చానప్పా" అన్నాను.

"ఏటుంది అందల?"

చదివి తెలుగులో చెప్పాను. పదిహేను రోజుల్లో నీ పాక తీసెయ్యాలి అని. ఆమె నా మొహం చూసింది, వేళాకోళం ఆడుతున్నానేమోనని.

"ఏ పాక బాబూ?"

మూడేళ్ళ కిందట జరిగిందంతా చెప్పాను. ఆ గదిలో వాళ్ళడిగిన మాటేమిటో, దాని అర్థమేమిటో, మొదటి రోజున నేను కూడా ఆ మాటకే ఎలా నవ్వులపాలయ్యానో చెప్పాను. ఆమె గరిటె కుండలో పెట్టి శ్రద్ధగా వింది.

"అయితే తామీలంటే అరవం కాదా?"

"కాదు. ఈ కాగితం నీకు ముట్టిందా అని."

సిరా డబ్బా తీశాను. ఆమె బొటనవేలు చీరకి తుడుచుకుని, అద్ది, నేను చూపించిన చోట నొక్కింది. చోడిపిండి అంటిన వేలు. దాంట్లో అడ్డగీత లేదు. వెనక్కి తిప్పి "తామీలు" అని రాశాను. నేను చూసిన వేల నోటీసుల్లో ఆ మాట నిజమని ఒట్టేసి చెప్పగలిగింది అదొక్కటే.

నేను లేచాను. ఆమె వేలికున్న సిరా కుండ అంచుకి రాస్తూ, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"నహీ అనే సెప్పినాను గదా బాబూ ఆవేల. నువ్వు ఇననేదేటి?"

విన్నాను. నేనూ నవ్వానని పైన రాశాను గానీ, ఆ గదిలో అందరికంటే ముందు నవ్వింది నేనే.